పిన్ని వచ్చింది

జారుడుబల్ల గుమ్మంలో ఇరుక్కుపోయింది.

సగం ఇంట్లో, సగం వరండాలో. వరండా వైపు మా ఆయన, సామాను దింపడానికి వచ్చిన ఇద్దరు మనుషులు. ఇంటి వైపు నేను, మా అత్తయ్య. మధ్యలో ఆ ఎర్రటి ప్లాస్టిక్ మెట్ల మీద, పట్టుకునేలోపే ఎక్కి కూర్చున్న నా కూతురు. దాన్ని ఇంట్లో అందరూ మిడత అంటారు. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఎక్కరాని చోటల్లా ఎక్కి, దూకరాని చోటల్లా దూకుతోందని ఆ పేరు పెట్టింది అత్తయ్యే.

అత్తయ్యకి మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే వేళయింది. నన్ను కూడా దీనిమీంచి జారి వెళ్ళమంటావా అని అడిగింది. నేను వినిపించుకోలేదు. ఒక చేత్తో బల్లని లాగుతూ, ఇంకో చేత్తో పిల్లని పట్టుకుని, ఇందులో కంగారు పడాల్సింది ఏముందన్నట్టు మొహం పెట్టుకుని నిలబడ్డాను.

కొలవకుండా కొన్నానని అనుకునేరు. షాపులో జానలతో కొలిచాను, ఇంటికొచ్చి అవే జానలతో గుమ్మాన్నీ కొలిచాను. షాపులో ఆశపడుతూ కొలిచాను గనక అక్కడ జాన కాస్త సాగి ఉంటుంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కోపం వస్తే అందరిలా అరవడు, ఏదో ఒకటి విప్పుతాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నామీద అలిగి గోడ గడియారం విప్పాడు. అది ఈనాటికీ దానికి బుద్ధి పుట్టినప్పుడే నడుస్తుంది. ఇప్పుడు మారు మాట్లాడకుండా సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి తలుపు బందులు విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది అక్క. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. పనిమీద పొరుగూరు వెళ్ళిన మా బావగారి భార్య. చేతులకంటిన సబ్బు నురగ తుడుచుకుంటూ వచ్చి, మిడతని ఒక్క ఊపులో చంకనేసుకుని, బల్లని పైనుంచి కిందిదాకా ఓసారి చూసింది. తలకిందులు చేసి, పక్కకి వాల్చి తోయండి అంది. తోశారు. లోపలికి వచ్చేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రాకుండా అక్కడే ఇరుక్కుని ఉన్నా ఇంతకంటే నయమనిపించింది.

కుర్చీలన్నీ వంటగదిలోకి చేరాయి. ముందుగదిలో జారుడుబల్ల తప్ప మరో దానికి చోటు లేదు. ఫరవాలేదు. నేను బల్ల కింది చివర మోకాళ్ళమీద కూర్చుని చేతులు చాపాను. మిడత గబగబా మెట్లెక్కి పైన నిలబడింది.

"రా తల్లీ, జారు. అమ్మ పట్టుకుంటుంది."

అది నా వైపు చూసింది. తర్వాత నా భుజం మీదుగా వెనకనున్న అక్క వైపు చూసింది.

"పిన్ని వద్దు. అమ్మ పట్టుకో."

అక్క తనకి పనుందని లోపలికి వెళ్ళబోయింది. మిడత పైనే నిలబడి రాగం అందుకుంది. ఒక కాలు అంచు దాటించేసరికి అత్తయ్యకి భయమేసి, పంతాలకి పోక పట్టుకోవే పెద్దదానా అని అక్కని కేకేసింది. అక్క నా మొహం చూడకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. నేను జరిగాను. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని జారి, తిన్నగా ఆవిడ ఒళ్ళో పడింది.

నేను అసూయపడ్డాను. దానికి వేరే పేరు పెట్టి ముద్దు చెయ్యను. ఆ ఒడి నాదయితే బాగుండును అనుకోలేదు, ఆ ఒడి ఆవిడకి లేకపోతే బాగుండును అనుకున్నాను.

ఇందులో తప్పెవరిదీ కాదంటారు అందరూ. అక్కకి బడికెళ్ళే కూతురుంది. ఇంట్లో పొద్దున్నా సాయంత్రమూ వినిపించే కేక దానిదే. అమ్మా నా రిబ్బనేది, అమ్మా నా పుస్తకమేది అంటుంది. సాయంత్రం నేను షాపునుంచి వచ్చి గంట కొడితే అదే పిల్ల "పిన్ని వచ్చింది" అంటూ తలుపు తీస్తుంది. మిడతకి మాటలొచ్చే వేళకి దాని చెవిన పడినవి ఇవే. రోజంతా ఇంట్లో ఉండేది అమ్మ. దీపాలు పెట్టాక వచ్చేది పిన్ని. వరసకి అక్క దానికి పెద్దమ్మే. కానీ "పెద్ద" అనడానికి దాని నోరు తిరగదు. అది తీసేస్తే మిగిలేది అమ్మే కదా.

మొదటిసారి అది నన్ను పిన్నీ అన్నప్పుడు ఇల్లంతా పగలబడి నవ్వింది. మా ఆయన మళ్ళీ అనిపించి ఫోనులో తీసి చుట్టాలందరికీ పంపించాడు. ఏడవలేక నేనూ నవ్వాను. ఆ వీడియోలో అందరికంటే గట్టిగా వినిపించేది నా నవ్వే.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. చూపు మందగించిందని వచ్చినవాళ్ళకి చదవడానికో జోడు, నడవడానికో జోడు, ఎండకో జోడు అంటగట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా యజమాని మురిసిపోతుంటాడు. అమ్మే నోరున్నదానికి కొనే చెయ్యి కూడా ఉంటుందని ఆయనకి తెలీదు. షాపులో ఎవరి పిల్లలు అమ్మా అన్నా నా తల పైకి లేస్తుంది. పక్కనే పిల్లల సామాన్ల షాపు. అలా తల లేచిన ప్రతిరోజూ సాయంత్రం నా కాళ్ళు అటు నడిచాయి.

అడుగేస్తే వెలిగే బూట్లు కొన్నాను. పడవలా ఉండే మంచం కొన్నాను. నొక్కితే పాడే కుందేలు కొన్నాను. ఒక్కొక్కటీ ఒక్కో సాయంత్రం పనిచేసింది. కుందేలు తెచ్చిన రోజు మిడత నా మెడ వాటేసుకుని బుగ్గమీద ముద్దు పెట్టింది. పెట్టి, "థాంకూ పిన్నీ" అంది.

సామాను తెచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక మా ఆయన తలుపుని మళ్ళీ బిగించడానికి కూర్చున్నాడు. బిగిస్తున్నవాడు ఆగి, తలెత్తకుండా అడిగాడు.

"అడ్వాన్సు డబ్బేనా?"

నేను జారుడుబల్ల మీద దుమ్ము తుడిచాను. కొత్తదానిమీద దుమ్మేముంటుంది.

"నిన్నే అడుగుతున్నాను. అదేనా?"

"అదే" అన్నాను.

వేరు కాపురం పెడదామన్నది నేనే. రెండు నెలలు ఆయన చెవిలో జోరీగలా రొద పెట్టి ఒప్పించాను. బస్సు డిపో వెనక రెండు గదుల ఇల్లు చూశాం. కింది వాటాలోనే పిల్లల్ని చూసుకునే ఆవిడ ఉంది. నా షాపు నడిచి వెళ్ళేంత దూరం, మధ్యాహ్నం కూడా వచ్చి పిల్లని చూసుకోవచ్చు. ఇంటాయన రేపటిదాకా ఆగుతానన్నాడు. అడ్వాన్సు కోసం మా ఆయన సెలవురోజుల్లో కూడా పనికి వెళ్ళి కూడబెట్టి, తన దగ్గరుంటే స్నేహితులు చేబదులు అడుగుతారని నా ఖాతాలో వేశాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. బూట్లు, మంచం, కుందేలు అన్నీ అందులోంచే వచ్చాయి. మిగిలినది జారుడుబల్లకి సరిపోయింది.

ఇల్లు మారే సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

అక్క మిడతని చంకనేసుకుని గుమ్మం పక్కనే నిలబడి ఉంది.

"దేనికి అడ్వాన్సు?" అంది.

అత్తయ్య ఒక కాలు చెప్పులో పెట్టి రెండో చెప్పు వెతుక్కుంటున్నదల్లా ఆగిపోయింది.

"ఇంటికి వదినా" అన్నాడు మా ఆయన స్క్రూడ్రైవరు కొసవైపు చూస్తూ. "వేరే వెళదామనుకున్నాం."

"ముగ్గురూనా?" అంది అక్క.

అదేం ప్రశ్న. మొగుడూ పెళ్ళాం వెళుతూ పిల్లని ఎవరైనా వదిలేసి వెళతారా? ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ చెయ్యి పిల్ల వీపు మీద బిగుసుకోవడం చూసి మింగేశాను. మింగింది మాటనే, మంటని కాదు.

అత్తయ్య కుర్చీ కోసం అటూ ఇటూ చూసి, ఒక్కటీ కనపడక జారుడుబల్ల కింది చివర కూలబడింది. మోకాళ్ళు రేపు చూపించుకుంటాలే అంది.

మధ్యాహ్నం భోజనాలు వంటగదిలోనే, కుర్చీల మధ్య ఇరుక్కుని కానిచ్చాం. అక్క అందరికంటే ముందు నాకు వడ్డించింది. నాకిష్టమని ఇంకో గరిటె కూర కూడా వేసింది. తిట్టినా బాగుండేది. కంచంలో తల పెట్టుకుని తింటున్నాను. అత్తయ్య నీళ్ళు అడిగితే అక్క ఇచ్చింది. మా ఆయన రెండు ముద్దలు తిని లేచి, కుక్కరు పిడి వదులైందంటూ దాన్ని విప్పడం మొదలుపెట్టాడు.

"వాడు ఇల్లంతా విప్పేసేలోగా ఎవరో ఒకరు నోరు విప్పండర్రా" అంది అత్తయ్య.

కుక్కరు పిడి ఒక్కటే ఊడి వచ్చింది.

మిడతని జోకొట్టి పడుకోబెట్టింది కూడా అక్కే. నేను మా గదిలోకి వెళ్ళాను. ఆయన మంచమ్మీద పడుకుని పంకా వైపు చూస్తున్నాడు. దాన్ని కూడా విప్పుతాడేమో అనుకున్నాను. బల్లని వాపసు ఇచ్చేస్తానన్నాను. బిగించిన సామాను వాళ్ళు వాపసు తీసుకోరని, బిల్లుమీద అంతలేసి అక్షరాలతో రాసుందని ఆయన చెప్పాడు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసి అది కనపడలేదా అని అననందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి.

"అసలెందుకు కొన్నావు?" అన్నాడు చివరికి.

"అది అమ్మా అంటుందని."

"దేన్ని, జారుడుబల్లనా?"

ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. ఆయన కూడా నవ్వలేదు. లేచి కూర్చుని, కోపం లేకుండానే అన్నాడు. "ఆ ఇంటికి వెళ్ళుంటే నెల తిరక్కుండా అనేది. మధ్యాహ్నం, సాయంత్రం నిన్నే చూసేది. నువ్వు ఖర్చుపెట్టింది డబ్బు కాదు, ఆ ఇల్లు."

నాకు ఏడుపు రాలేదు. అక్కమీద కోపమొచ్చింది. ఎందుకంటే ఏం చెప్పను? తప్పు నాదని తేలినప్పుడల్లా నాకు ఇంకొకరి మీద కోపమొస్తుంది. విసవిసా పెరటి వసారాలోకి వెళ్ళాను.

అక్క తీగమీది బట్టలు తీసి మడతపెడుతోంది. అన్నీ మిడత గౌన్లే. నేను కొన్నవే. ఎప్పుడు ఏది వెయ్యాలో, ఏది ఒంటికి గుచ్చుకుంటుందో మాత్రం ఆవిడకే తెలుసు.

"సామాన్లు బండికెక్కించాక చెబుదామనుకున్నావా?" అంది నన్ను చూడకుండానే.

చెబుదామనే అనుకున్నామని, వీలు చిక్కలేదని ఏదో గొణిగాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇక దాచుకోవడం నావల్ల కాలేదు.

"మీరు దానిచేత అమ్మా అనిపించుకుంటున్నారు" అన్నాను.

కాదంటుందనుకున్నాను. పిల్ల మాటకి రోషమేమిటని మందలిస్తుందనుకున్నాను. దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అక్క ఒక గౌను మడతపెట్టి పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"మొదట్లో సరిచేసేదాన్ని" అంది. "అమ్మ కాదు, పెద్దమ్మ అను అని రోజంతా అదే పని. ఆమధ్య దానికి జ్వరమొచ్చింది గుర్తుందా? నువ్వు షాపులో సరుకు లెక్క చూసుకోవాలని వెళ్ళావు. నా ఒళ్ళో పడుకుని, కళ్ళు తెరవకుండానే అమ్మా అంది. ఆ రోజు సరిచెయ్యలేదు. ఆ తర్వాత మరి సరిచెయ్యబుద్ధి కాలేదు."

"ఎందుకని?"

"బాగుంది గనక."

నేను సిద్ధం చేసుకున్న జవాబు ఇలాంటి మాటకి కాదు. దొంగతనం చేశావని నిలదీస్తే అవును చేశానని చెప్పేవాళ్ళని ఏమంటాం? నా పిల్ల ఒళ్ళు కాలిపోతూ పలవరించిన మాట నేను వినలేదు, ఆవిడ వింది. వినడమే కాదు, ఉంచేసుకుంది.

"ఇంకోళ్ళని కందామంటే మీ బావగారు ఒప్పుకోలేదు" అంది అక్క. "నీకు తెలుసుగా. ఒక్కదాన్ని చదివిస్తే చాలన్నారు. అలాంటప్పుడు నువ్వు తెచ్చి నా చేతిలో పెట్టావు. పొద్దున్నే పెట్టి వెళ్ళిపోయేదానివి. నీ మీద నాకెంత కుళ్ళుగా ఉండేదో నీకేం తెలుసు. సాయంత్రం నువ్వు గంట కొట్టగానే, ఇవ్వాళ్టికి అయిపోయింది అనుకునేదాన్ని."

ఆవిడకి నామీద అసూయ. అక్కకి, నామీద! ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే ఆ నిప్పుమీద కూర్చున్నాననుకున్నాను. జాలిపడాల్సిన చోట నాకు ఒక్క క్షణం సంతోషం వేసింది.

అక్క చేతులు ఆగలేదు. బట్టలు కుట్టగా వచ్చిన డబ్బు తన దగ్గర ఉందని, అడ్వాన్సుకి సరిపోతుందని, రేపు పొద్దున్నే తీసుకెళ్ళి ఇంటాయనకి ఇచ్చేయమని చెప్పింది. ఇప్పుడే తిరిగి ఇవ్వక్కర్లేదంది. నేను వద్దన్నాను. వద్దంటే కుదరదంది.

"ఇప్పుడే వెళ్ళండి. ఇంకో ఏడాది ఆగితే దాన్ని ఇవ్వడం నావల్ల కాదు."

చూశారా, ఇందులోనూ ఆవిడదే పైచెయ్యి. నేను తగలేసిన ఇంటిని ఆవిడ నిలబెడుతోంది. థాంక్స్ చెప్పడానికి నోరు రాక గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

"ఒక్కటి మాత్రం" అంది. "ఆర్నెల్లు దాన్ని ఇటు తీసుకురాకు. నేనూ అటు రాను. అప్పుడప్పుడు కనపడుతూ ఉంటే అది మర్చిపోదు. పూర్తిగా మర్చిపోనీ. ఆ తర్వాత వచ్చి పెద్దమ్మనవుతాను."

"సరే" అన్నాను.

అక్క చేతిలోని గౌను సగం మడతలో ఆగిపోయింది. మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"సరే అన్నావా?"

"అన్నాను."

"ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించే అన్నాను."

ఏం ఆలోచించాను, నా మొహం. ఆర్నెల్లు ఎందుకక్కా, ఆదివారమాదివారం వస్తాం అని నేను అంటానని ఆవిడ ఆశపడుతోంది. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఇన్నాళ్ళకి ఆవిడమీద ఒక్క గెలుపు దొరికితే వదలబుద్ధి కాలేదు.

అక్క ఆ గౌను మడత పూర్తిచేసి నా చేతిలో పెట్టింది.

"మెడ దగ్గర గుండీ ఊడింది. కుట్టుకో."

గుండీలు కుట్టేది ఎప్పుడూ ఆవిడే. నాకు సూదెక్కడుంటుందో కూడా తెలీదు. అడుగుదామనుకునేలోగా ఆవిడ వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది.

ఆ చప్పుడుకి లేచిందో, నిద్ర తీరి లేచిందో, మిడత కళ్ళు నులుముకుంటూ వచ్చింది. జుట్టంతా ఒక పక్కకి అణిగిపోయి ఉంది. నేను వంగి చేతులు చాపాను. అది నా మోచేతి కిందనుంచి దూరి, నన్ను దాటుకుని వెళ్ళి, వంటగది తలుపుని రెండు అరచేతులతో చరిచింది.

"అమ్మా."

లోపల కుళాయి నీళ్ళ చప్పుడు ఆగింది.

"అమ్మా, తలుపు."

అక్క తలుపుకి అవతల నిలబడే ఉందని కింది సందులోంచి కనపడుతున్న ఆవిడ పాదాలు చెబుతున్నాయి. ఆ పాదాలు కదల్లేదు. అన్న మాట అప్పుడే నిలబెట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను మిడత వెనక మోకాళ్ళమీద కూర్చున్నాను. "అమ్మ ఇక్కడుందే తల్లీ" అన్నాను.

అది తల తిప్పి నన్ను చూసింది. చూసి, తలుపు వైపు తిరిగి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.